అత్తయ్య నా కింద చేరిన వానాకాలం

మా అత్తయ్య నా కింద చేరింది. ఈ మాట ఎప్పుడు చెప్పినా వినేవాళ్లు ముందు నవ్వుతారు. తర్వాత, నేనేదో ఘనకార్యం చేసినట్టు నా మొహంలోకి చూస్తారు. అది కాపురం సంగతి కాదు, వ్యాపారం సంగతి. ఆ వానాకాలం మా ఇంట్లో పైన, కింద అన్న మాటలకు వేరే అర్థాలుండేవి. నన్ను చేర్పించినవాడు నా పైన. నేను చేర్పించినవాళ్లు నా కింద. కిందవాళ్లు సబ్బు కొన్నా, ఫినాయిలు కొన్నా, ఇంకొకరిని చేర్పించినా అందులో కాస్త వాటా మెట్టు మెట్టుగా పైకొస్తుంది. ఇంట్లో కూర్చునే సంపాదించవచ్చు. అలాగని మాకు చెప్పారు.

అప్పటికి మా ఆయన పనిచేసే నూలు మిల్లు మూతపడి రెండు వారాలైంది. బాయిలరు పగిలింది, మూడు నెలల దాకా తెరవరన్నారు. ఆయనకు ఊరికే కూర్చోవడం చేతకాదు. ఏ లోపమూ లేని ఫ్యాను విప్పారు, పాడుచేశారు, మళ్లీ బాగుచేశారు. ఆ తర్వాత గడియారం మీద పడ్డారు. ఇల్లు గడవాలంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి చెయ్యాలి. సరిగ్గా అప్పుడు మా ఇంటికి కోటాయన వచ్చాడు.

అతను కూడా ఆ మిల్లులోనే తూకం దగ్గర పనిచేసేవాడు. బయట జోరున వాన, లోపల ఒళ్లంతా ఉక్కపోత, అతనేమో నల్ల కోటు గుండీలన్నీ పెట్టుకుని వచ్చాడు, ఆ పేరు మేం పెట్టింది అందుకే. చంకలో ఓ తెల్లబోర్డు. దాన్ని మా కుర్చీ మీద నిలబెట్టి, పైన ఒక సున్నా గీసి, అందులో నా పేరు రాశాడు. దాని కింద రెండు సున్నాలు, వాటి కింద నాలుగు, ఆ కింద ఎనిమిది. బోర్డు అయిపోయేదాకా గీసి వెనక్కి తిరిగాడు.

“చూశారా వదినా? అన్నిటికంటే పైన మీరు!”

ఆయన కుర్చీలోనే కునికిపాట్లు పడుతున్నారు. నాకు మాత్రం కళ్లు తిప్పుకోబుద్ధి కాలేదు. పెళ్లయిన తొమ్మిదేళ్లలో నా పేరు అంత పెద్ద అక్షరాలతో ఎక్కడా రాసి ఉండగా చూడలేదు మరి.

“మీకు తెలిసిన వందమంది పేర్లు రాయండి,” అన్నాడు.

నాకు పదకొండు వచ్చాయి. అందులో నలుగురు నాతో మాట్లాడడం మానేసినవాళ్లు.

రెండు వారాలు కాళ్లరిగేలా తిరిగాను. కోటాయన నేర్పిన ఉపన్యాసం అద్దం ముందు బట్టీపట్టి మరీ వెళ్లేదాన్ని. “మీ జీవితాన్ని మార్చే అవకాశం” అనగానే మనుషులకు ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. మా చెల్లెలైతే మొహమాటం లేకుండా చెప్పేసింది. “అక్కా, ఊరికే వస్తే టీ ఇస్తా. అమ్మడానికొస్తే మంచినీళ్లు కూడా ఇవ్వను. నీ ఇష్టం.” ఊరికే వచ్చాననే చెప్పి టీ తాగి వచ్చేశాను.

ఆ రోజు తడిసిన సంచి గుమ్మం పక్కన పెట్టి కూర్చున్నాను. అత్తయ్య కూరగాయలు తరుగుతోంది. మేమిద్దరం పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. పోట్లాటలేం లేవు. ఉప్పు అయిపోయింది, గ్యాసు వచ్చింది, వాన పడేలా ఉంది, బట్టలు తియ్యి. తొమ్మిదేళ్లూ ఇవే మా మాటలు. ఆమె ముప్పై ఏళ్లు పెద్దాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రోగులకు ఇచ్చినట్టే ఇంట్లోవాళ్లకూ మాటలు డోసు ప్రకారం ఇచ్చేది.

“కోటాయన గీసిచ్చిన ఆ సున్నాల కాగితం ఇలా ఇవ్వు,” అంది.

“మీకెందుకత్తయ్యా?”

“నీ పేరు కింద అంతా ఖాళీగా ఉందట కదా. చూడ్డానికి బాగోదు.”

చెయ్యి తుడుచుకుని, కళ్లజోడు పెట్టుకుని, నా పేరు కింద మొదటి సున్నాలో తన పేరు తనే రాసుకుంది. గడియారం విప్పుకుంటున్న ఆయన తలెత్తి, “హమ్మయ్య! ఈ ఇంట్లో ఎవరు పైనో ఎవరు కిందో ఇన్నాళ్లకి కాగితం మీద తేలింది,” అన్నారు. అత్తయ్య పెదవి చివర కాస్త కదిలింది. అది నవ్వని నాకు అప్పుడు తెలియదు.

మర్నాటి నుంచి ఆమె సంచి పట్టుకుని బయల్దేరింది. నేను వెంట వెళ్లాను, ఎలా అమ్మాలో నేర్పుదామని. మొదటి ఇంట్లోనే నా అహంకారం దిగిపోయింది. ఆమె అమ్మనే అమ్మదు. వెళ్లి కూర్చుంటుంది. “మోకాలెలా ఉంది? ఆ కట్టు ఎవరు కట్టారు? ఇలాగేనా కట్టేది?” అని విప్పి మళ్లీ కడుతుంది. “పెద్దవాడు నెలలు నిండకుండా పుట్టాడు కదా, ఇప్పుడేం చదువుతున్నాడు?” అంటుంది. ఆ చుట్టుపక్కల ఆమె సూది పొడవని మనిషి లేడు. కబుర్లన్నీ అయ్యాక, లేవబోతూ, “ఇది నేల తుడిచే మందు. మా ఇంట్లో వాడాను, బానే ఉంది,” అని ఒక సీసా పెడుతుంది. వాళ్లు రెండు తీసుకునేవాళ్లు. వారం తిరిగేసరికి ముగ్గురు ఆమె కింద చేరారు. నెల తిరిగేసరికి కోటాయన బోర్డు మీద సున్నాలు గీయడానికి చోటు చాల్లేదు.

ఇల్లంతా అట్టపెట్టెలు. రెండింటి మీద చెక్క వేసి బల్లలా చేసుకున్నాం. పొద్దున్నే ఆ బల్లకు అటు ఆమె, ఇటు నేను కూర్చుని ఎవరికేం పంపాలో సంచుల్లో సర్దేవాళ్లం. ఆయన పేర్లు రాసిన చీటీలు అంటించేవారు, సగం తప్పుగా. బయట వాన పడుతూనే ఉండేది. చేతులకు పని ఉన్నప్పుడు అత్తయ్యకు మాటలు వాటంతటవే వస్తాయని అప్పుడే తెలిసింది. కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజు రక్తం చూసి తనే కళ్లు తిరిగి పడిపోయిందట. పేషెంటు లేచి ఆమెకు మంచినీళ్లు ఇచ్చాడట. “వాడికి ఆపరేషన్ అయ్యి రెండో రోజు!” అంటూ ఆమె పగలబడి నవ్వింది. ఆమె అలా నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆయన లోపలి నుంచి పరుగెత్తుకొచ్చారు, ఎవరికేమైందో అని.

మీ కలలు గోడ మీద అంటించుకోండి అని కోటాయన చెప్పాడు. నేను పాత పత్రికలోంచి కారు బొమ్మ కత్తిరించి అంటించాను. అత్తయ్య సముద్రం బొమ్మ అంటించింది.

“సముద్రమేంటత్తయ్యా, దాన్నేం చేసుకుంటారు?”

“చూస్తాను. దానికి పెట్రోలు అక్కర్లేదు.”

ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ నెలా నెలన్నరా మా ఇంట్లో ఉన్నంత సందడి ముందూ లేదు, తర్వాతా లేదు. నేను బతుకులో అంత ఇష్టంగా నిద్ర లేచిన రోజులు కూడా అవే.

తర్వాత పొడి డబ్బా వచ్చింది.

ఆకుపచ్చ డబ్బా, మీద పరుగెడుతున్న మనిషి బొమ్మ. ఫర్నిచరు షాపు పైన హాలు అద్దెకు తీసుకుని, దాని కోసమే ప్రత్యేకంగా మీటింగు పెట్టారు. ఒకాయన వేదికెక్కి మూడు నెలలుగా ఈ పొడి తాగుతున్నానన్నాడు. “షుగరు మాత్రలు చెత్తబుట్టలో పారేశాను!” అని చెయ్యి విసిరి చూపించాడు. హాలంతా చప్పట్లు. నేనూ కొట్టాను. పక్కన అత్తయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఆమె డబ్బా తిప్పి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, వెనక ఉన్న చిన్న అక్షరాలు చదువుతోంది.

“సోయా, పాలపొడి, కొన్ని విటమిన్లు,” అంది మెల్లగా. “బలానికి మంచిదే. మందు కాదు.”

ఆమె అలాగే చెప్పి అమ్మింది. టీలోకి బిస్కట్ల బదులు తాగండి, అంతే. నేను మాత్రం మీటింగులో విన్నట్టే చెప్పాను. మా సందు మొగలో ఇస్త్రీ దుకాణం నడిపే అక్కకు షుగరని నాకు తెలుసు. మిగతా అందరూ అత్తయ్య మొహం చూసి కొన్నవాళ్లే. నా అంతట నేను ఒకరిని చేర్పించానని చెప్పుకోవాలని నాకు ఎంత ఆశగా ఉండేదో. అక్క చొక్కా మీద ఇస్త్రీపెట్టె నడుపుతూ వింటోంది.

“ఇది తాగితే ఇంక మాత్రలతో పనుండదట అక్కా,” అన్నాను.

పనుండదు అనలేదు. పనుండదట అన్నాను. ఆ చివరి అక్షరం చాటున దాక్కున్నాను.

“నర్సమ్మగారి డబ్బాయేనా?” అని అడిగిందామె.

“ఆవిడదే.”

“అయితే ఇవ్వు.”

మూడు వారాల తర్వాత ఓ పొద్దున రెండో డబ్బా ఇద్దామని అత్తయ్యా నేనూ కలిసి దుకాణానికి వెళ్లాం. బట్టల మూటలు విప్పకుండానే ఉన్నాయి. ఇస్త్రీపెట్టె చల్లగా నిలబెట్టి ఉంది. అక్క గోడకు జారగిలబడి బల్ల మీద కూర్చుంది. పక్కన ఖాళీ నీళ్ల సీసాలు మూడో నాలుగో.

“ఏమిటో నర్సమ్మగారూ, ఎంత తాగినా దాహం తీరట్లేదు,” అని నవ్వబోయింది.

అత్తయ్య ఏదో వాసన తగిలినట్టు ముక్కు ఒకసారి ఎగబీల్చి, కింద కూర్చుని, ఆమె ఎడమకాలికి చుట్టిన గుడ్డ విప్పింది. చిటికెన వేలు నల్లబడి ఉంది. చుట్టూ ఎర్రగా వాచింది. ఇస్త్రీపెట్టె తగిలి కాలిందట, పది రోజులైందట, నొప్పే తెలియలేదట.

“మాత్రలు వేసుకుంటున్నావా?”

“మానేశాగా. మీ పొడి తాగుతున్నాగా.”

“ఎవరు మానమన్నారు?”

అక్క నా వైపు చూసింది. చేతిలో సంచి ఉంది, సంచిలో ఆకుపచ్చ డబ్బా ఉంది. ఇంతలో లోపలి నుంచి అక్క కూతురు వచ్చింది. బేకరీలో పనిచేస్తుంది, డ్యూటీకి తయారై ఉంది. తల్లి కాలు చూసి అక్కడే ఆగిపోయింది.

“మాత్రలు మానేశావా అమ్మా? ఎవరు చెప్పారు నీకు?”

నేను చెప్పాలి. నోరు తెరిచాను కూడా.

“నేనే చెప్పాను,” అంది అత్తయ్య, కట్టు కడుతూ తలెత్తకుండా. “బుద్ధిలేని పని చేశాను. తిట్టడం తర్వాత, ముందు బండి పిలువు. ఆసుపత్రికి.”

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆమెను చూసిన చూపు నాకింకా గుర్తుంది. అది నా మీద పడాల్సిన చూపు.

అత్తయ్య బండిలో వాళ్లతో వెళ్లింది. నేను ఇంటికొచ్చి అట్టపెట్టెల మధ్య కూర్చున్నాను. మధ్యాహ్నం దాటాక వచ్చి ఆమె మోచేతుల దాకా సబ్బుతో చేతులు కడుక్కుంది, వార్డులో కడుక్కున్నట్టు. తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

“వేలు తీసేస్తారు,” అంది. “కాలు దక్కుతుంది.” తువ్వాలు తీగ మీద వేసి, “ఆ డబ్బాలు ఎవరెవరికి ఇచ్చామో ఆ కాగితం తియ్యి,” అంది.

నలభై ఆరు ఇళ్లు.

“నువ్వు ఎక్కడ ఏం చెప్పావో నాకక్కర్లేదు. అందరి దగ్గరికీ వెళ్లి చెప్పాలి.”

ఈ కబురు ఎలా చేరిందో, సాయంత్రానికల్లా కోటాయన వచ్చాడు. కోటంతా తడిసిపోయి ఉంది. “అమ్మా, మీరిలా ఇల్లిల్లూ తిరిగి మందు కాదని చెప్తే నేను మునిగిపోతాను. నా కింద ఉన్నదల్లా మీరే. మిగతావాళ్లంతా ఎప్పుడో మానేశారు,” అన్నాడు. నిలబడే అన్నాడు.

అత్తయ్య అతన్ని పరీక్షగా చూసింది. “కళ్లు పీక్కుపోయాయి. ఏం తింటున్నావు?”

“మధ్యాహ్నం పూట ఆ పొడే కలుపుకుని తాగేస్తున్నా. ఇంట్లో మూడు పెట్టెలున్నాయి,” అన్నాడు.

“కోటు విప్పి అక్కడ ఆరెయ్యి. కూర్చో,” అంది. వేడిగా వండిపెట్టింది. అతను తలవంచుకుని తిన్నాడు. వెళ్లేటప్పుడు వద్దని మళ్లీ అనలేదు. అతని మీద నాకున్న కోపం ఆ కంచం ముందు ఎటుపోయిందో పోయింది.

మర్నాడు పొద్దున్న మొదలుపెట్టి మూడు రోజులు తిరిగాం. ఇద్దరికీ ఒకే గొడుగు. ఆమె తలుపు కొట్టేది. తెరవగానే, కూర్చోకుండా, ఎవరి మోకాలూ అడక్కుండా చెప్పేది. “నేనిచ్చిన పొడి మందు కాదు. ఏ మాత్రలూ మానకండి. మానేసి ఉంటే ఇవాళే డాక్టరు దగ్గరికెళ్లండి.”

కొందరు, “మాకు తెలియదా నర్సమ్మగారూ, దానికోసం ఇంత వానలో వచ్చారా,” అని నవ్వారు. ఒకావిడ డబ్బా తెచ్చి మా కాళ్ల దగ్గర పెట్టి తలుపేసుకుంది. ఇద్దరు నిజంగానే మాత్రలు మానేశారు. ఒకరికి నేను చెప్పాను, ఇంకొకరికి ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలియదు. స్కూలు బస్సు నడిపి రిటైరైన పెద్దాయనైతే మొహం మీదే అనేశాడు. “ముప్పై ఏళ్లు మిమ్మల్ని నమ్మాం. ఈ వయసులో మీకిదేం పోయేకాలమమ్మా?”

అత్తయ్య ఆ మాట పడింది. మెట్లు దిగుతుంటే ఆమె చెయ్యి గోడ పట్టుకోవడం చూశాను. ఇరవై ఏడు ఇళ్లలో ఆమె ‘నేను’ అనే అంది. నేను గొడుగు పట్టుకున్నాను, అంతే.

ఆ కింద మెట్టు మీద గొడుగు ఆమె చేతిలో పెట్టి, నేను వెనక్కి ఎక్కి మళ్లీ తలుపు కొట్టాను. పెద్దాయన చిరాకుగా తెరిచాడు.

“ఆవిడ కాదండీ. ఆవిడ మందు కాదనే చెప్పి ఇచ్చింది. మాత్రలు అక్కర్లేదని చెప్పుకుంటూ తిరిగింది నేను. అనాల్సింది నన్ను.”

ఆయన నన్నూ, కింద వానలో నిలబడ్డ అత్తయ్యనూ మార్చి మార్చి చూశాడు. ఈసారి తలుపు మెల్లగా వేశాడు.

నేను దిగి వచ్చాక అత్తయ్య కాగితం చూసుకుని, “ఇరవై ఎనిమిది ఏ సందు?” అంది. ఆ తర్వాతి ఇళ్లలో తలుపు నేనే కొట్టాను. పదో ఇంటికి గానీ గొంతు నిలబడలేదు.

కాగితంలో చివర మిగిలింది ఇస్త్రీ అక్క. మూడో రోజు సాయంత్రం ఆసుపత్రికి వెళ్లాం. ఆపరేషన్ అయింది, అక్క నిద్రపోతోంది. అత్తయ్యను చూడగానే పాత సహోద్యోగులు చుట్టూ మూగి లోపలికి తీసుకెళ్లారు. వరండాలో బెంచీ మీద కూతురు ఒక్కతే కూర్చుని ఉంది. బేకరీ యూనిఫారం మీద పిండి మరకలు అలాగే ఉన్నాయి. నేను పక్కన కూర్చోలేదు. నిలబడే చెప్పాను.

“మీ అమ్మకి మాత్రలు మానమని చెప్పింది నేను. అత్తయ్యకి అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.”

ఆ అమ్మాయి యూనిఫారం మీది పిండి దులుపుకుంది.

“తెలుసు,” అంది. “అమ్మ ఆ రోజు బండిలోనే చెప్పింది, ఆవిడ ఎదుటే.”

“మరి అత్తయ్య ఏమంది?”

“ఏమీ అనలేదు. దిగేటప్పుడు మాత్రం, ‘నువ్వు వెళ్లి దాన్నేమీ అడక్కు, అదే వచ్చి చెప్తుంది’ అన్నారు.” కాస్త ఆగి, “నేను నమ్మలేదు. మీరు రారనుకున్నా,” అంది.

ఆ అమ్మాయి బెంచీ మీద కాస్త పక్కకు జరిగింది. అప్పుడు కూర్చున్నాను. క్షమించానని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. లోపల అక్క దగ్గిన చప్పుడు వినిపిస్తే ఇద్దరం ఒకేసారి లేచాం.

అక్క పదకొండు రోజులకు ఇంటికొచ్చింది. నెల పోయాక మళ్లీ ఇస్త్రీపెట్టె పట్టింది. మధ్యలో ఆమె మూటలన్నీ నేనే ఇస్త్రీ చేశాను. నాలుగు చొక్కాలు మాడ్చాను కూడా. మిల్లు తెరిచారు. మిగిలిన అట్టపెట్టెలు కోటాయన వచ్చి పట్టుకుపోయాడు, తర్వాత అతనూ మిల్లులో పాత పనికే చేరాడు. గోడ మీది బొమ్మలు ఎవరు తీశారో గుర్తులేదు. అత్తయ్య ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు.

ఇప్పుడు వాన పడితే నాకు ఆ పెట్టెలూ సున్నాలూ అంతగా గుర్తురావు. ఆ సాయంత్రం ఆసుపత్రి నుంచి ఇంటికి నడిచి రావడం గుర్తొస్తుంది. గేటు బయట రోడ్డు నిండా నీళ్లు నిలిచాయి. అక్కడక్కడా ఇటుకలు వేసి ఉన్నాయి. అత్తయ్య ఒక్క క్షణం ఆగి, నా మోచేతి పైన పట్టుకుంది. నేను కాపురానికొచ్చిన తొమ్మిదేళ్లలో ఆమె నన్ను పట్టుకుని నడవడం అదే మొదటిసారి. ఒక్కో ఇటుక మీదా అడుగులో అడుగు వేసుకుంటూ దాటాం. నీళ్లు దాటేదాకే అనుకున్నాను. పొడినేల మీదికి వచ్చాక కూడా ఆమె చెయ్యి తియ్యలేదు.

“రేపు గ్యాసు వస్తుందా?” అంది.

“వస్తుందత్తయ్యా,” అన్నాను.